మడమ వెనుక మోకు



ఈ పేజీలో బి.పి. గురించి, షుగరు గురించి, ఆడపిల్లల రక్తహీనత గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. మడమ సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాసి అడగలేదు. అడగకపోయినా రాయవలసిన బాకీ ఒకటి నా మీద ఉంది. అందుకే ఈ నెల మడమను ఎంచుకున్నాను.

2019 జూలైలో, నాట్ల రోజుల్లో, మా సంఘపెద్ద ఒకాయన ఆదివారం ఆరాధనకు కుంటుతూ వచ్చారు. అరవై ఏడేళ్ల మనిషి, అప్పటిదాకా పొలం పని ఒక్కరోజు మానినవాడు కాదు. "ఏమైంది పెద్దాయనా?" అని అడిగాను.

"ఏం లేదయ్యగారూ, గురువారం నారుకట్టలు మోసుకుంటూ గట్టెక్కుతున్నాను. వెనకనుంచి ఎవడో మడమ మీద రాయితో కొట్టినట్టయింది. టప్పుమని చప్పుడు కూడా వినబడింది. ఎవడ్రా అని తిరిగి చూస్తే ఎవరూ లేరు" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మడమకు కాస్త పైన వాపు ఉంది. కాలు కదుపుతున్నారు, నడుస్తున్నారు. "నరం పట్టేసి ఉంటుంది, బామ్ రాసి గుడ్డ చుట్టండి, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది" అని నా నోటితోనే చెప్పాను. ఆయన నా మాట విన్నారు. అదే ఇబ్బంది. మన పల్లెల్లో అయ్యగారు చెబితే డాక్టరు చెప్పినట్టే.

నాలుగు రోజులు పది వారాలయ్యాయి. కుంటు తగ్గలేదు. చివరికి మిషను ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన పెద్దాయనను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేటట్టు ఉంచి, ముందు బాగున్న కాలి పిక్కను చేత్తో నొక్కారు. నొక్కగానే పాదం మునివేళ్లు కిందికి వంగినట్టు కదిలింది. రెండో పిక్క నొక్కారు. పాదం కదలలేదు. మళ్లీ నొక్కారు. ఊహూ.

"ఎన్నాళ్లయింది?" అని అడిగారు. చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు, కాగితం మీద రాసుకున్నారు. నాకు ఆ మౌనమే ఎక్కువ తగిలింది.

డాక్టరు గారు తరువాత బొమ్మ గీసి చెప్పిన సంగతి మీకు నా మాటల్లో చెబుతాను. కండరం తనంతట తాను ఎముకను లాగలేదు. కండరం చివర తెల్లగా, గట్టిగా, మోకులాగా ఒక తాడు ఉంటుంది. ఆ తాడే ఎముకకు అతుక్కుని ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో టెండన్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధనం అని ఉంటుంది. మనం మాత్రం దాన్ని కూడా నరం అనే అంటాం. మన తెలుగు బైబిలులో కూడా అలాగే ఉంది. యెహోషువ గ్రంథం 11వ అధ్యాయంలో శత్రువుల గుర్రాలకు గుదికాలి నరాలు తెగగొట్టిన సంగతి చదువుతాం కదా, అవి నరాలు కావు, ఈ మోకులే. అది తెగిన గుర్రం ఇక రథం లాగలేదు.

మాటే కదా, ఏమంటే ఏమిటి అనుకోవచ్చు. కానీ నరం అనగానే మనవాళ్లు మెడికల్ షాపుకు వెళ్లి నరాల బిళ్లలు అడుగుతారు. వాళ్లు బి-కాంప్లెక్సు ఇస్తారు. నెలలు గడుస్తాయి. అసలైన నరం మెదడు నుంచి కబురు తెచ్చే తీగ. అది దెబ్బతింటే మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండడం వస్తాయి. మోకు పాడైతే పని చేసేటప్పుడు ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి వస్తుంది. దానికి బిళ్ల పని చేయదు.

మడమ వెనుక ఉన్నది శరీరం మొత్తంలో అన్నిటికంటే లావైన, బలమైన మోకు. పిక్కలోని రెండు పెద్ద కండరాలను మడమ ఎముకకు కలుపుతుంది. పరుగెత్తేటప్పుడు మన బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు దాని మీద పడుతుంది. దానికి ఎకిలిస్ టెండన్ అని పేరు. తల్లి నదిలో ముంచేటప్పుడు పట్టుకున్న మడమ ఒక్కటే తడవక, అక్కడే బాణం తగిలి చనిపోయిన గ్రీకు వీరుడి పేరు అది. 1693లో తన శరీరశాస్త్ర గ్రంథంలో ఆ పేరు వాడినవాడు ఫిలిప్ వెర్‌హేయెన్. ఆయన లూవెన్ పట్టణంలో గురువు కావాలని చదువుకుంటూ ఉండగా 1675లో జబ్బుచేసి ఎడమ కాలు తీసేయవలసి వచ్చింది. ఆ మార్గం మూసుకుపోయి వైద్యుడయ్యాడు. వేదాంతం చదివి కాళ్ల గురించి రాసినవాణ్ణి నేనొక్కణ్ణే కానని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఈ మోకులో మడమ ఎముకకు సుమారు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన, అంటే రెండు మూడు వేళ్ల ఎత్తులో, రక్తప్రసరణ తక్కువ. తెగడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మరో విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన ఒక రకం కార్బనును ఆధారం చేసుకుని మోకు వయసు కొలిచారు. మనకు పదిహేడేళ్లు వచ్చేసరికి తయారైన మోకు నడిమి భాగం ఆ తరువాత దాదాపు మారదని తేలింది. చర్మం మారుతుంది, రక్తం మారుతుంది. మడమ మోకు మాత్రం కుర్రతనంలో పేనిన తాడే ముసలితనం దాకా. ఒకసారి పాడైతే బాగుపడడానికి నెలలు ఎందుకు పడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

పెద్దాయన సంగతికి వస్తాను. "ఈ మధ్య ఏమైనా మందులు వాడారా?" అని డాక్టరు గారు అడిగారు. ఉబ్బసానికి చాలాకాలంగా స్టెరాయిడ్ బిళ్లలు మింగుతున్నారు. నాట్లకు వారం ముందు మూత్రంలో మంట అని టౌనులో షాపతన్ని అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు తెచ్చుకుని అయిదు రోజులు వేసుకున్నారు. డాక్టరు గారు తలూపారు.

ఇది జాగ్రత్తగా చదవండి. పేరు చివర ఫ్లాక్సాసిన్ అని వచ్చే మందుల కుటుంబం ఒకటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్. విరేచనాలకు, మూత్రం మంటకు మన షాపుల్లో చీటీ లేకుండానే చేతికిచ్చేస్తారు. ఇవి కొందరిలో మోకులను బలహీనపరుస్తాయి. వేసుకున్న కొద్ది రోజుల్లోనే కావచ్చు, మానేసిన కొన్ని నెలలకైనా కావచ్చు. అరవై దాటినవారిలో, స్టెరాయిడ్ మందులు వాడేవారిలో, కిడ్నీ వంటి అవయవాలు మార్పిడి చేయించుకున్నవారిలో ప్రమాదం ఎక్కువ. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల కాగితాల మీద నల్లగడి కట్టి హెచ్చరిక వేయించింది. ఆ కాగితాన్ని మన ఊళ్లో ఎవరు చూస్తారు? బిళ్లలు కత్తెరతో కత్తిరించి నాలుగు ఇస్తారు, కాగితం డబ్బాలోనే ఉండిపోతుంది.

అయితే ఈ మందులు విషం అని నేను చెప్పడం లేదు. వేసుకున్నవారిలో చాలామందికి ఏమీ కాదు. కొన్ని జబ్బులకు అవే ప్రాణం నిలుపుతాయి. డాక్టరు రాసినప్పుడు మీ వయసు, వాడుతున్న స్టెరాయిడ్ మందు చెప్పండి. అవి వాడుతుండగా మడమ వెనుక నొప్పిగాని వాపుగాని మొదలైతే ఆ పూట నుంచే ఆపి, అదే రోజు డాక్టరుకు తెలపండి. ఆయన వేరే మందు రాస్తారు. మీ అంతట మీరు షాపులో అడిగి తెచ్చుకోవడం మాత్రం మానండి.

మోకు పూర్తిగా తెగినా మనిషి నడవగలడు. నేను మోసపోయింది ఇక్కడే. చీలమండ వెనుక వేరే చిన్న మోకులు ఉన్నాయి. అవి పాదాన్ని కొంతవరకు కిందికి వంచగలవు. కనుక "కదుపుతున్నాడు కదా, తెగలేదు" అనుకోకూడదు. వెనకనుంచి ఎవరో కొట్టినట్టు, తన్నినట్టు అనిపించడం, చప్పుడు వినబడడం, ఆ ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోవడం, మడమ పైన వేలు పెడితే పల్లం తగలడం గుర్తులు. అన్నిటికంటే నమ్మదగినది డాక్టరు గారు చేసిన పిక్క పరీక్ష. థాంసన్ అనే వైద్యుడు దాన్ని 1962లో వివరించాడు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కండి. బాగున్న కాలితో పోల్చి చూడండి. పాదం కదలకపోతే తోమడం, లాగడం, నూనె పెట్టి మర్దన చేయడం ఏదీ వద్దు. మునివేళ్లు కిందికి వంగి ఉండేటట్టు చెక్క కట్టి, బరువు మోపకుండా ఆ రోజే, లేదంటే మరునాడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

వెంటనే వెళితే ఆపరేషన్ తప్పదనే భయం కూడా అక్కరలేదు. నార్వేలో 500 మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన 2022లో వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవారికీ, మునివేళ్లు దించి కట్టు, బూటు వేసి వ్యాయామం చేయించినవారికీ ఏడాది తరువాత కాలి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ తెగడం మాత్రం ఆపరేషన్ లేనివారిలో నూటికి ఆరుగురిలో, ఆపరేషన్ అయినవారిలో నూటికి ఒకరికంటే తక్కువగా కనబడింది. నరానికి, అంటే అసలైన నరానికి, దెబ్బ తగలడం ఆపరేషన్ అయినవారిలో ఎక్కువ. ఏది మంచిదో వయసు, పని, షుగరు చూసి డాక్టరు చెబుతారు. కానీ ఈ ఎంపిక త్వరగా వచ్చినవారికి మాత్రమే. పది వారాలు గడిచిన మా పెద్దాయనకు తెగిన కొసలు దూరంగా ముడుచుకుపోయాయి. కాలి బొటనవేలిని వంచే మోకును తెచ్చి మడమకు కలిపి కుట్టవలసి వచ్చింది. ఆ ఏడు పంటను పక్క పొలంవాళ్లు కోసిపెట్టారు.

తెగడం అరుదు. అరగడం మాత్రం మన ఇళ్లలో చాలామందికి ఉంది. దానికి నేనే సాక్షిని.

మూడు గ్రామాల సంఘాలు చూసుకునేవాణ్ణి. పాత మోటారు సైకిలు, కుడి కాలితో కిక్ కొట్టాలి. ఆదివారం చెప్పులు గుడి బయట విడిచి, గచ్చు మీద గంటలకొద్దీ ఒట్టి కాళ్లతో నిలబడాలి. 2021లో కుడి మడమ వెనుక నొప్పి మొదలైంది. తెల్లవారి లేవగానే బిగుసుకుని ఉండేది, పది అడుగులు వేస్తే సడలేది, సాయంత్రానికి మళ్లీ పట్టుకునేది. వేళ్ల మధ్య పట్టి చూస్తే మోకు లావెక్కి ఉంది. టౌనులో ఒకచోట అక్కడే సూది వేశారు. మూడు వారాలు స్వర్గంలా ఉంది. నాలుగో వారం మొదటికంటే ఎక్కువైంది. తరువాత తెలిసింది, మడమ మోకులో స్టెరాయిడ్ సూది వేస్తే అది తెగే ప్రమాదం ఉంది కనుక వైద్యులు సాధారణంగా అక్కడ వేయరట. పెద్దాయన సంగతి చూసి కూడా నేను అడగకుండా సూదికి కాలు చాపాను. నొప్పి ముందు చదువు నిలవదు.

రెండు నెలలు మంచం దిగకుండా విశ్రాంతి తీసుకుంటే పోతుందని కొందరన్నారు. అదీ చేసి చూశాను. మంచం మీద నొప్పి ఉండదు, లేచిన వారానికి వచ్చేస్తుంది. కారణం ఇది. చాలాకాలంగా ఉన్న మోకు నొప్పిలో పెద్దగా మంటవాపు ఉండదు. లోపలి పోగులు వరుస తప్పి, పేట విడిపోయిన తాడులా అయిపోతాయి. పని లేకుండా ఉంచితే ఇంకా బలహీనపడతాయి. ఒక్కసారిగా మోస్తే ఇంకా విడిపోతాయి. మెల్లమెల్లగా బరువు పెంచుతూ పోతేనే మోకు గట్టిపడుతుంది.

ఈ సంగతి బయటపడిన తీరు విచిత్రంగా ఉంటుంది. స్వీడన్‌లో ఉమియో పట్టణంలో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు ఇదే మడమ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమని పై అధికారిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. పోనీ, నొప్పి పెంచుకుంటే ఆపరేషన్ చేయక తప్పదు కదా అని ఈయన మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించుతూ రోజూ కావాలని బాధపెట్టుకున్నాడు. నొప్పి పెరగలేదు సరికదా, కొన్ని వారాలకు పోయింది! తరువాత 15 మందితో చేయించి 1998లో ప్రచురించాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఇస్తున్న వ్యాయామాలకు అది మూలం.

చేసే పద్ధతి చెబుతాను. తెగలేదని డాక్టరు చూసి చెప్పిన తరువాతే మొదలుపెట్టండి. అరుగు మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడనో కిటికీ చువ్వనో పట్టుకోండి. రెండు కాళ్ల మీద పైకి లేచి, బాగున్న కాలు ఎత్తేసి, నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా ఉంచి, మడమను మెట్టుకంటే కిందికి నెమ్మదిగా దించండి. పైకి లేవడానికి మళ్లీ బాగున్న కాలి సాయం తీసుకోండి. ఇలా 15 సార్లు, కాస్త ఆగి మళ్లీ, మొత్తం మూడు విడతలు మోకాలు నిటారుగా ఉంచి. ఇంకో మూడు విడతలు మోకాలు కొంచెం వంచి, పిక్క లోపలి కండరానికి పని తగిలేటట్టు. ఉదయం, సాయంత్రం. అంటే రోజుకు 180 సార్లు, 12 వారాలు. సులువైనాక వీపు సంచిలో బియ్యం వేసుకుని బరువు పెంచాలి. అంత తీరిక లేనివారికి మరో దారి ఉంది. వారానికి మూడు రోజులే ఎక్కువ బరువుతో, నిదానంగా చేసినా అంతే ఫలితం ఉందని 2015లో డెన్మార్కు వైద్యులు చూపించారు.

చేసేటప్పుడు నొప్పి వస్తుంది. పదికి అయిదు లోపు అయితే భయపడకండి. మరునాడు ఉదయానికి బిగువు ఎక్కువైతే రెండు రోజులు తగ్గించి చేయండి. నొప్పి సరిగ్గా ఎముకకు అతుక్కునేచోటే ఉన్నవారు మెట్టు మీద కాక నేల మీదే చేయాలి. మడమ కిందికి దిగితే అక్కడ మోకు ఎముకకు నొక్కుకుంటుంది.

నాకు ఆరు వారాల దాకా ఏ మార్పూ కనబడలేదు. "ఆ మెట్టు అరిగిపోతుందేమోగాని మీ నొప్పి తగ్గదు" అని మా ఇంట్లో అమ్మగారు ఎగతాళి చేసేది. మూడో నెలలో తెలిసింది. నాలుగో నెలకు పొద్దున్నే బిగువు పోయింది. ఈలోపు వెనుక అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి, మడమ కింద కొంచెం ఎత్తున్న చెప్పులు కొన్నాను. ఆరాధనలో కూడా వేసుకుంటానని సంఘానికి ముందే చెప్పి అనుమతి తీసుకున్నాను. బండిని మాత్రం యువజనులు తోసి స్టార్టు చేసేవాళ్లు. వారి సేవకు వందనాలు.

స్త్రీలకు ఒక మాట. చీలమండ లోపలివైపు, ఎముక వెనుకగా, పాదం వంపును పైకి పట్టి ఉంచే మోకు ఒకటి ఉంది. నలభై దాటిన స్త్రీలలో, బరువు, షుగరు, బి.పి. ఉన్నవారిలో అది మెల్లగా సాగిపోతుంది. లోపలివైపు వాపు, నొప్పి, తరువాత ఆ పాదం ఒక్కటే చదునైపోవడం. వెనకనుంచి చూస్తే ఆ కాలి వేళ్లు రెండోదానికంటే ఎక్కువ బయటికి కనబడతాయి. ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేరు. "వయసు వచ్చింది, కాలు అణిగింది" అని వదిలేస్తారు. తొలిదశలో చూపిస్తే పాదం వంపు కింద ఆనే మెత్త, పట్టీ, సైకిల్ ట్యూబు పాదానికి తగిలించి లోపలికి లాగే వ్యాయామంతో చాలామంది నిలదొక్కుకుంటారు. ఆలస్యమైతే ఎముకలే స్థానం తప్పి గట్టిపడతాయి.

బయటివైపు మోకులు ఎక్కువగా కాలు మడతపడ్డప్పుడు దెబ్బతింటాయి. బెణుకు తగ్గినా ఎముక వెనుక ఏదో టక్కుమని జారుతుంటే చూపించుకోవాలి.

పొద్దున మొదటి అడుగుకు అరికాలి కింద, మడమ అడుగున పొడిచినట్టుంటే అది మోకు కాదు, అరికాలి పట్టీ. బొటనవేలి మొదట్లో ఎర్రగా, ముట్టుకోనివ్వకుండా ఉంటే గౌటు కావచ్చు. షుగరు ఉన్నవారికి పాదం వెచ్చగా, ఎర్రగా వాచితే నొప్పి లేకపోయినా ఆ రోజే వెళ్లాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే, అందులోనూ ఎక్కువ రోజులు మంచాన పడి లేచినవారైతే, రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దానికి వ్యాయామం చేయకూడదు, ఆలస్యమూ చేయకూడదు.

మా పెద్దాయన ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. సమంగా ఉన్న నేల మీద కర్ర కూడా అక్కరలేదు. నారుకట్టతో గట్టు ఎక్కలేరు, ఆ పని కొడుకు చేస్తున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి కిటికీ చువ్వలు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగుతుంటారు. సండేస్కూలు పిల్లలు చుట్టూ చేరి లెక్కపెడతారు. పోయిన వారం పదకొండు దగ్గర ఆగారు.